ఇంటీరియర్ డిజైన్ స్టూడియోను, తోటివారి సమూహాన్ని కలిపి నడపడం ఎలా?

కిటికీవెలుగు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఇంటీరియర్ డిజైనర్‌ను. ఒక పెద్ద సంస్థలో పనిచేసి బయటికి వచ్చాక, ఇద్దరు సహాయకులతో సొంత స్టూడియో నడుపుతున్నాను. ఎక్కువగా ఇళ్లు, అప్పుడప్పుడు చిన్న కార్యాలయాలు చేస్తాం. మా పని చూసినవారు చెప్పగా విని వచ్చే క్లయింట్లే ఎక్కువ కాబట్టి ప్రస్తుతానికి పనికి కొరత లేదు. అయితే సొంత స్టూడియో పెట్టుకున్నవారికి ఈ వృత్తిలో ఒక ఒంటరితనం ఉంటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఒక కొత్త రకం పూత తేమ ఉన్న గోడ మీద ఎన్నాళ్లు నిలుస్తుందో, ఫలానా సరఫరాదారు ఒప్పుకున్న తేదీకి సరుకు పంపుతాడో లేదో, పని సగంలో ఉండగా వంటగది ప్లాను మళ్లీ మార్చమన్న క్లయింటుకు ఏమని చెప్పాలో అడగడానికి పక్కన మనిషి ఉండడు. ప్రతి స్టూడియో తలుపులు వేసుకుని, పక్క స్టూడియో ఇప్పటికే నేర్చుకున్నదాన్ని మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటోంది.

అందుకే డిజైనర్లు, వడ్రంగులు, రంగులవారు, దీపాల ఏర్పాటు తెలిసినవారు, చదువు పూర్తిచేస్తున్న విద్యార్థులు కలిసి నెలకొకసారి కూర్చునేలా ఒక సమూహం ఏర్పాటు చేయాలని ఉంది. ఈ ఆలోచన విన్న కొందరు మిత్రులు, ముందు స్టూడియోను నిలదొక్కుకోనివ్వమని, సమూహం పెడితే క్లయింట్లు చేజారిపోతారని హెచ్చరిస్తున్నారు. మరికొందరు ఒక లామినేట్ల (చెక్క మీద అతికించే పలుచని పలకల) కంపెనీ చేతో, దీపాల కంపెనీ చేతో ఖర్చు పెట్టించమంటున్నారు. స్టూడియో వ్యాపారానికి, సమూహానికి మధ్య గీత ఎక్కడ గీయాలో, రెండింటిలో దేనికి ముందు గట్టి పునాది వేయాలో ఈ రంగంలో ఎక్కువ కాలంగా ఉన్నవారు చెబితే సంతోషిస్తాను.

నిలువుటద్దం రాసిన సమాధానం

కిటికీవెలుగు గారూ, మీరు ఫీజు ఎలా తీసుకుంటున్నారో రాయలేదు. మీ ప్రశ్నకు సమాధానం చాలావరకు అక్కడే ఉందని నా నమ్మకం కాబట్టి ముందు దాని గురించే రాస్తాను. కాస్త పొడవుగా ఉంటే ఓపిక పట్టండి.

మన వృత్తిలో ఫీజు లెక్కగట్టే పద్ధతులు కొన్ని స్థిరపడి ఉన్నాయి. పని మొత్తానికి ఇంత అని ముందే తేల్చుకోవడం, విస్తీర్ణాన్ని బట్టి తీసుకోవడం, గంటల లెక్కన తీసుకోవడం, మొత్తం ఖర్చులో ఒక శాతం తీసుకోవడం, డిజైనర్లకు ఇచ్చే తగ్గింపు ధరకు సామాను కొని దాని మీద కొంత కలిపి క్లయింటుకు ఇవ్వడం అందరికీ తెలిసినవే. చాలా స్టూడియోలు వీటిలో రెండు మూడింటిని కలిపి వాడుకుంటాయి. వీటిలో దేన్నీ నేను తప్పుపట్టను, కానీ ప్రతి పద్ధతీ డిజైనర్ మనసును ఒక వైపుకు లాగుతుందని గుర్తుపెట్టుకోవాలి. ఖర్చులో శాతం తీసుకునే డిజైనర్ ఖరీదైన రాయిని సూచించినప్పుడు, ఆ సూచన గది కోసమా, ఫీజు కోసమా అన్న అనుమానం క్లయింటుకు రావడం సహజం. స్థిరమైన మొత్తానికి ఒప్పుకున్న డిజైనర్‌కు మార్పులు పెరిగేకొద్దీ గంటలు కరిగిపోతాయి, చివరికి సైటుకు వెళ్లడం తగ్గిస్తాడు. గంటల లెక్కన తీసుకుంటే క్లయింటు ఫోను చేయడానికే వెనకాడతాడు, దాంతో అడగవలసిన ప్రశ్న పని పూర్తయ్యాక గానీ బయటికి రాదు.

వీటన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, సరఫరాదారు దగ్గర క్లయింటుకు తెలియకుండా తీసుకునే కమిషన్. తగ్గింపు ధర తీసుకోవడంలో గానీ, దాని మీద లాభం వేసుకోవడంలో గానీ నాకు తప్పు కనిపించదు. సామాను ఎంచడం, నమూనాలు తెప్పించడం, దెబ్బతిన్నది వెనక్కి పంపించడం అంతా శ్రమే, ఆ శ్రమకు ప్రతిఫలం ఉండాలి. అయితే ఆ సంగతి ఒప్పంద పత్రంలో ఒక వాక్యంగా ఉండి తీరాలి. ఎందుకంటే, దాచిన కమిషన్ ఉన్న డిజైనర్ సమూహంలో కూర్చుని నిజం మాట్లాడలేడు. ఫలానా కంపెనీ అతుకు పట్టీలు ఎండ తగిలే చోట ఊడిపోతున్నాయని పక్కవాడు చెబుతుంటే, ఆ కంపెనీ నుంచే గుట్టుగా డబ్బు అందుతున్నవాడు ఏం చేస్తాడు? మౌనంగా ఉంటాడు, లేదా వెనకేసుకొస్తాడు. అలాంటివారు నలుగురు చేరితే మీ సమూహం సరుకుల ప్రచార సభ అవుతుంది. తన ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో క్లయింటు ముందు ఉంచగలిగిన స్టూడియోకే తోటివారి మధ్య నోరు విప్పే స్వేచ్ఛ ఉంటుంది. కాబట్టి ఏది ముందు అన్న మీ ప్రశ్నకు నా జవాబు: ముందు మీ ఒప్పంద పత్రాన్ని సరిచేసుకోండి, సమూహాన్ని ఆ మర్నాడే మొదలుపెట్టవచ్చు.

ఆ పత్రంలో ఏముండాలో క్లుప్తంగా చెబుతాను. పనిని దశలుగా విడగొట్టండి: మొదటి ఆలోచన, దాన్ని విస్తరించడం, పనివారికి ఇచ్చే డ్రాయింగులు, కొనుగోళ్లు, సైటు పర్యవేక్షణ. ప్రతి దశ చివర క్లయింటు సంతకం, ఆ దశకు రావలసిన డబ్బు ఉండాలి. ఫీజులో కలిసి ఉన్న మార్పులు ఎన్నో, ఆపైన చేసే మార్పుకు ఎలా లెక్క కడతారో రాయండి. సంతకం అయిన తర్వాత మారిస్తే ఖర్చుతో పాటు గడువు కూడా మారుతుందని విడిగా ఒక వాక్యం రాయండి, గొడవలన్నీ ఆ గడువు దగ్గరే పుడతాయి. పనివారిని మీరే నియమించి డబ్బు చెల్లిస్తారా, క్లయింటే నేరుగా చెల్లిస్తాడా అన్నది కూడా తేల్చాలి, ఎందుకంటే పనిలో లోపం వస్తే ఎవరు జవాబుదారీ అన్నది దాని మీదే ఆధారపడుతుంది.

చేవకర్ర రాసిన సమాధానం

నేను డిజైనర్‌ను కాను. చెక్కపని వర్క్‌షాపు నడుపుతాను, వేర్వేరు స్టూడియోలకు వార్డ్‌రోబులు, వంటగది అరలు, బల్లలు చేసిస్తాను. వడ్రంగులను కూడా కలుపుకోవాలన్న కిటికీవెలుగు గారి ఆలోచన చూసి చాలా సంతోషించాను. అయితే మమ్మల్ని పిలవడం ఒకటి, మా మాట వినడం ఇంకొకటి. ఆ తేడా తెలియడానికి ఒక చిన్న ఉదాహరణ చెబుతాను.

వార్డ్‌రోబు తలుపు వెనక లోపలి డ్రాయరు పెట్టమని డ్రాయింగు వస్తుంది. కాగితం మీద అంతా కుదిరినట్టే ఉంటుంది. కానీ మామూలు కప్పు బందు (తలుపు లోపలి వైపు గుండ్రటి గుంటలో కూర్చునే బందు) వేసిన తలుపు తొంభై డిగ్రీలు తెరుచుకున్నప్పుడు తలుపు మందం, బందు భాగం అర లోపలి వెడల్పులోకి కొంత చొచ్చుకువస్తాయి. డ్రాయరును అర నిండుగా గీస్తే అది బయటికి రాకుండా తలుపుకు తగులుకుంటుంది. బందు ఉన్న వైపు లోపల ఒక పట్టీ కొట్టి డ్రాయరును సన్నం చేయాలి, లేదా తలుపు పూర్తిగా పక్కకు తప్పుకునే వెడల్పు కోణం బందు వేయాలి. పట్టీ అయితే చోటు తగ్గుతుంది, బందు అయితే ఖర్చు పెరుగుతుంది. ఈ నిర్ణయం డ్రాయింగు దశలో ఐదు నిమిషాల మాట. చెక్క కోసిన తర్వాత అయితే ఒక పూట పని, కొంత చెక్క వృథా, దానితో పాటు ఎవరి తప్పు అన్న వాదన. గోడను ఆనుకుని ఉన్న వార్డ్‌రోబు పక్కన, గోడకూ దానికీ మధ్య ఖాళీని నింపే పూరక పట్టీ వదలకపోతే పిడి గోడకు కొట్టుకోవడమూ, పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు రెండు వైపులా లామినేటు అతికిస్తే మందం పెరుగుతుందని కొలతల్లో లెక్క వేయకపోవడమూ ఇలాంటివే. ఇవి డిజైనర్లకు తెలియవని నేను అనడం లేదు. తెలిసినవారికి కూడా పని ఒత్తిడిలో జారిపోతాయి, మాకు మాత్రం చేతిలో చెక్క ఉంటుంది కాబట్టి జారవు.

సమూహం మొదటి సమావేశాన్ని ఏదైనా వర్క్‌షాపులో పెట్టండి. తెర మీద ఫోటోలు చూపించే సమావేశంలో మావాళ్లు వెనక వరుసలో కూర్చుని మాట్లాడకుండా వెళ్లిపోతారు. బల్ల మీద బందు, డ్రాయరు పట్టాలు, అంచు పట్టీ అంటించే యంత్రం ఉన్న చోట వాళ్లే ముందుకు వచ్చి చూపిస్తారు. విద్యార్థులకు కూడా అక్కడే ఎక్కువ అబ్బుతుంది.

ఇంకో రెండు మాటలు. పూర్తయిన గది ఫోటోలు స్టూడియో పేరుతో బయటికి వచ్చినప్పుడు చెక్కపని ఎవరిదో, గోడ పూత ఎవరిదో ఒక వరుసలో రాయండి. ఆ వరుస వల్ల మాకు వచ్చే పని సంగతి తర్వాత, వర్క్‌షాపులో పనిచేసే కుర్రవాడు దాన్ని ఇంటికి తీసుకెళ్లి చూపిస్తాడు. రెండోది డబ్బు. క్లయింటు స్టూడియోకు బాకీ పెట్టినప్పుడు ఆ బాకీ మా మీదికి దిగజారుతుంది. నిలువుటద్దం గారు చెప్పిన దశలవారీ చెల్లింపు మాకూ వర్తించేలా, సరుకు కొనడానికి ముందు కొంత, బిగించే రోజు కొంత, లోపాలు సరిచేసిన తర్వాత మిగతాది అని రాతలో ఉంటే, సమూహంలో మేము అతిథులుగా కాక సమానులుగా కూర్చుంటాం.

పాతగీతలు రాసిన సమాధానం

ఈ చర్చ చదువుతుంటే మన వృత్తి చరిత్రలో ఇదే చిక్కుముడి మళ్లీ మళ్లీ ఎదురైందని గుర్తుకు వచ్చింది. వ్యాపారాన్నీ, సమూహాన్నీ ఒకే చోట కలిపినవారికి ఏం జరిగిందో చూస్తే కిటికీవెలుగు గారికి ఉపయోగపడవచ్చు.

1861లో లండన్‌లో డిజైనర్ విలియం మోరిస్, మిత్రులతో కలిసి గోడల అలంకరణ, రంగు గాజు, కుర్చీలు, బల్లలు తయారుచేసే సంస్థ పెట్టాడు. మొత్తం ఏడుగురు భాగస్వాములు, వారిలో చిత్రకారులు, వాస్తుశిల్పి కూడా ఉన్నారు. అది మిత్రబృందంలాగే మొదలైంది. కాలం గడిచేకొద్దీ కొందరు పనిలో పాలు తగ్గించుకున్నారు, మోరిస్ మాత్రం తన కాలాన్నీ, సొమ్మునూ దానిలోనే పెట్టాడు. 1875లో సంస్థను తన ఒక్కడి చేతిలోకి తెచ్చుకోవాలని చూసినప్పుడు, చట్టం ప్రకారం అందరికీ సమాన హక్కు ఉందని తేలింది. ముగ్గురు భాగస్వాములు తమ హక్కు వదులుకున్నారు, మిగతా ముగ్గురు, అంటే రోసెట్టి, మాడాక్స్ బ్రౌన్, మార్షల్, పరిహారం కోరారు. పాత స్నేహాలు దెబ్బతిన్నాయి. శ్రమ తగ్గించుకున్నవారి వాటా ఏమవుతుంది, బయటికి వెళ్లేవారికి ఎలా లెక్క తేలుస్తారు అన్నది మొదట్లోనే స్పష్టంగా రాసుకుని ఉంటే ఆ చేదు చాలావరకు తప్పేది. సమూహంలోని ఎవరితోనైనా కలిసి ఒక ప్రాజెక్టు చేయబోతే, చేరడం గురించి ఎంత శ్రద్ధగా మాట్లాడుకుంటారో విడిపోవడం గురించి కూడా అంతే శ్రద్ధగా మాట్లాడుకోండి.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఇష్టమైన ఉదాహరణ అమెరికన్ డిజైనర్ కాండేస్ వీలర్‌ది. ఆమె 1877లో న్యూయార్క్‌లో అలంకరణ కళల సంఘం ఒకటి స్థాపించింది. చదువు, చేతి నైపుణ్యం ఉండీ సంపాదనకు దారిలేని స్త్రీలకు శిక్షణ ఇచ్చి, వారి కుట్టుపని, అలంకరణ వస్తువులు అమ్మిపెట్టడం ఆ సంఘం ఉద్దేశం. అయితే సంఘం కళాత్మకమైన ప్రమాణం పాటించేది, ఆ ప్రమాణానికి అందని పని చేసే స్త్రీలకు కూడా డబ్బు అవసరమే కదా? దాని కోసం సంఘం ప్రమాణాన్ని దించకుండా, మరుసటి ఏడాదే, ఇంట్లో చేయగలిగిన ఏ వస్తువునైనా అమ్ముకునే మరో సంస్థ ఏర్పాటులో ఆమె పాలుపంచుకుంది. ఆ తర్వాత 1879లో రంగు గాజు పనికి పేరుపొందిన లూయీ టిఫనీతో కలిసి వృత్తిపరంగా ఇంటి అలంకరణ పనులు చేపట్టి, 1883 నుంచి వస్త్రాల రూపకల్పనను సొంతంగా నడిపింది. మూడు ఉద్దేశాలకు మూడు వేర్వేరు చోట్లు ఏర్పాటుచేసి, ఒకదాని నియమాలు మరొకదానిలోకి చొరబడకుండా చూసుకోవడంలో ఉన్న వివేకాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. స్టూడియోకు, సమూహానికి మధ్య గీత ఎక్కడ అని మీరు అడిగారు కాబట్టి ఇది చెబుతున్నాను.

చేవకర్ర గారు చెప్పిన పేరు విషయానికి కూడా పాత ఆధారం ఉంది. 1903లో వియన్నాలో యోసెఫ్ హాఫ్‌మన్, కొలొమన్ మోజర్ అనే డిజైనర్లు స్థాపించిన వర్క్‌షాపుల్లో తయారైన వస్తువుల మీద గీసినవారి గుర్తుతో పాటు చేసినవారి గుర్తు కూడా వేసేవారు. ఆ గౌరవం ఆదర్శప్రాయం. కానీ దాని డబ్బు వ్యవహారం మాత్రం అనుసరించదగినది కాదు. మొదట పెట్టుబడి పెట్టిన ధనికుడు వేర్న్‌డోర్ఫర్ దానివల్లే ఆర్థికంగా చితికిపోయి 1914లో అమెరికాకు వెళ్లిపోయాడు, సంస్థ కూడా 1932లో మూతపడింది. ఎంత గొప్ప కళ అయినా ఖర్చు ఎవరో ఒక దాత భరిస్తాడన్న ధీమా మీద నిలవలేదు. లామినేట్ల కంపెనీ చేత ఖర్చు పెట్టించమని సలహా ఇచ్చిన మీ మిత్రులకు ఇది చెప్పి చూడండి.

తలవాకిలి రాసిన సమాధానం

పైవారు చెప్పిన చాలా విషయాలతో ఏకీభవిస్తూనే, కంపెనీల విషయంలో కొంత విభేదిస్తాను. కంపెనీలను పూర్తిగా దూరం పెడితే కొత్త సామగ్రి గురించి తెలిసే దారి ఒకటి మూసుకుపోతుంది. వారి సాంకేతిక నిపుణుణ్ణి పిలవండి, పూత ఎలా వేయాలో, ఎక్కడ వేయకూడదో చెప్పించండి, సభ్యులు ఇబ్బందికరమైన ప్రశ్నలు అడిగే హక్కును ముందే తెలియజేయండి. డబ్బు, బహుమతులు, విందు మాత్రం తీసుకోవద్దు. సమావేశం ఖర్చు సభ్యులే పంచుకోగలిగేంత చిన్నదిగా ఉంచితే ఈ సమస్యే రాదు.

క్లయింట్లు చేజారిపోతారన్న భయం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. ఒకే పరిమాణంలో ఉన్న రెండు స్టూడియోలు నిజంగా ఒకే క్లయింటు కోసం పోటీపడే సందర్భాలు మనం ఊహించుకునేంత ఎక్కువ ఉండవు. ఒకరికి ఖాళీ లేని నెలలో మరొకరికి ఉంటుంది, ఒకరు చిన్న ఇళ్లలో నేర్పరి అయితే మరొకరు ఆసుపత్రుల పని తెలిసినవారు. మీకు సరిపడని పనిని నమ్మకమైన తోటివారికి పంపగలగడం క్లయింటుకు కూడా మేలే. అయితే ఒక నియమం కచ్చితంగా పెట్టుకోండి: పని పంపినందుకు డబ్బు తీసుకోకూడదు. తీసుకుంటే ఎవరు బాగా చేస్తారన్నది వెనక్కి వెళ్లి, ఎవరు ఎక్కువ ఇస్తారన్నది ముందుకు వస్తుంది.

విద్యార్థుల సంగతి కూడా ఆలోచించండి. అనుభవం పేరుతో జీతం లేకుండా నెలల తరబడి పని చేయించుకునే అలవాటు ఈ రంగంలో పాతుకుపోయింది. సమూహంలోని స్టూడియోలు ఆ అలవాటును మానుకుంటామని మొదట్లోనే ఒప్పుకుంటే, అది ఎన్ని ఉపన్యాసాలకైనా సమానం.

కిటికీవెలుగు

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మొదటి సమావేశం ఒక వర్క్‌షాపులోనే పెట్టాలని నిర్ణయించుకున్నాను. ఆలోగా ఒప్పంద పత్రంలో సరఫరాదారుల తగ్గింపు గురించిన వాక్యాన్ని చేరుస్తాను. ఒక్క సందేహం మిగిలింది. సమూహంలో డ్రాయింగులు, వివరాలు చూపించుకున్నప్పుడు ఒకరి ఆలోచనను మరొకరు యథాతథంగా వాడుకుంటే ఏం చేయాలి? ఈ భయంతోనే కొందరు రావడానికి వెనకాడుతున్నారు.

నిలువుటద్దం

రెండు రకాలుగా విడదీసి చూడమంటాను. డ్రాయరు తలుపుకు తగలకుండా ఎలా గీయాలి, పూత వేసే ముందు గోడను ఎంత ఆరనివ్వాలి, స్నానాలగదిలో నీరు నిలవకుండా వాలు ఎలా ఇవ్వాలి వంటివి వృత్తి మొత్తానికి చెందిన జ్ఞానం. వాటిని వాడుకోవడానికే కదా చూపించుకునేది, అక్కడ ఎవరూ పేరు అడగకూడదు. ఒక స్టూడియో ప్రత్యేకంగా రూపొందించిన కుర్చీ, ఒక గోడ నమూనా, ఒక క్లయింటు ఇంటి పూర్తి అమరిక మాత్రం ఆ స్టూడియోవి. వాటిని చూపించేటప్పుడే ఇది చూడడానికి మాత్రమే అని చెప్పడం, వాడుకోవాలంటే అడగడం, అడిగి వాడుకున్నప్పుడు పేరు రాయడం అన్న మూడింటిని మొదటి సమావేశంలోనే అందరి చేత ఒప్పించండి.

ఇంకొకటి మరిచిపోవద్దు. ఆ ఇంటి ఫోటో మీద మీకూ, ఫోటో తీసినవారికీ ఉన్న హక్కులు ఎలా ఉన్నా, అది ఇంకొకరు నివసించే ఇల్లు. సమావేశంలో చూపించడానికి క్లయింటు అనుమతి ఉందో లేదో ముందు చూసుకోండి, చిరునామా, కుటుంబ ఫోటోలు, ఇనప్పెట్టె ఉన్న అర కనిపించే ప్లాను బయట పెట్టకండి. ఆ అనుమతి వాక్యాన్ని కూడా ఒప్పంద పత్రంలోనే, సరఫరాదారుల వాక్యం పక్కన చేర్చుకుంటే ప్రతిసారీ విడిగా అడగవలసిన పని ఉండదు.